ఇంట్లో వినడానికి స్టూడియో మానిటర్లు: రెండు జతలను పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా

ముందు మీ కుర్చీ ఎక్కడ వేస్తారో తేల్చుకోండి. స్పీకర్ల సంగతి తర్వాత.

పవర్డ్ స్టూడియో మానిటర్లు, అంటే ఆంప్లిఫయరు లోపలే ఉన్న రికార్డింగ్ స్టూడియో స్పీకర్లు, దగ్గర కూర్చుని వినేవాళ్ల కోసం తయారైనవి. చెవికీ పెట్టెకీ మధ్య మూడు నుంచి ఐదు అడుగులు ఉంటేనే వాటి పనితనం తెలుస్తుంది. కంప్యూటర్ బల్ల, చదువుకునే బల్ల, పడకగదిలో ఒక మూల వేసుకున్న కుర్చీ వాటికి సరైన చోట్లు. హాల్లో పన్నెండు అడుగుల దూరాన సోఫా, వంటింట్లోకి కూడా పాట వినపడాలన్న కోరిక ఉన్న ఇంటికి ఐదంగుళాల కోనున్న మానిటరు సరిపోదు. అంత దూరంలో పెట్టె నుంచి నేరుగా వచ్చే శబ్దం కన్నా గోడలు తిప్పికొట్టేదే ఎక్కువగా చెవిన పడుతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న తేడా సగం అక్కడే కరిగిపోతుంది. అలాంటి ఇంటికి మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక ఆంప్లిఫయరు మేలు.

కుర్చీ దగ్గరే అనుకుంటే ముందుకు వెళ్దాం.

అంకెలు చదవడం

రెండు మోడళ్ల స్పెసిఫికేషన్లు పక్కన పెట్టుకున్నప్పుడు అందరి కళ్లూ వాట్ల మీదకే పోతాయి. ఇంట్లో నాలుగడుగుల దూరంలో వినడానికి వాట్లు దాదాపు అక్కరకు రావు. అసలు చూడాల్సింది ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, అంటే ఎంత కింది స్వరం నుంచి ఎంత పై స్వరం దాకా పలుకుతుందో చెప్పే అంకె. అందులోనూ ఆ అంకె పక్కన ఎన్ని డెసిబెల్స్ అని రాశారో చూడాలి. యమహా హెచ్‌ఎస్5 మానిటరు వివరాల్లో 54 హెర్ట్జ్ నుంచి 30 కిలోహెర్ట్జ్ అని ఉంటుంది. ఆ 54 దగ్గరికి వచ్చేసరికి శబ్దం 10 డెసిబెల్స్ పడిపోయి ఉంటుంది, అంటే చెవికి సుమారు సగమే. అదే కంపెనీ 3 డెసిబెల్స్ లెక్కలో ఇచ్చిన అంకె 74 హెర్ట్జ్. జేబీఎల్ 305పీ మార్క్ 2 కి 10 డెసిబెల్స్ లెక్కలో 43, 3 డెసిబెల్స్ లెక్కలో 49. ఒకదాని పది డెసిబెల్స్ అంకెను ఇంకోదాని మూడు డెసిబెల్స్ అంకెతో పోలిస్తే తప్పుదారి పట్టినట్టే. అసలు ఏ డెసిబెల్సూ రాయకుండా ‘40 హెర్ట్జ్ నుంచి’ అని మాత్రమే ఉంటే ఆ అంకెను పక్కన పెట్టేయండి.

బాస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్. ఐదంగుళాల మానిటరు దాన్ని పూర్తిగా పలికించలేదు. దాని పై స్వరాలను వినిపిస్తే మిగతాది చెవి పూరించుకుంటుంది. అందుకే చిన్న మానిటర్లలో కూడా బాస్ ఉన్నట్టే అనిపిస్తుంది.

ఇక ‘పవర్డ్’ అన్న మాట కింద రెండు రకాలున్నాయి. ఒక రకంలో ప్రతి పెట్టెలోనూ ఊఫరుకొక (కింది శబ్దాలు పలికే పెద్ద కోను) ఆంప్లిఫయరు, ట్వీటరుకొక (పై శబ్దాలు పలికే చిన్నది) ఆంప్లిఫయరు ఉంటాయి. హెచ్‌ఎస్5 లో ఊఫరుకు 45 వాట్లు, ట్వీటరుకు 25 వాట్లు. ఇంకో రకంలో ఆంప్లిఫయరంతా ఒక పెట్టెలోనే ఉండి, రెండోదానికి మామూలు స్పీకరు వైరు వెళ్తుంది. ప్రీసోనస్ ఎరిస్ 3.5 ఇలాంటిదే. రెండో రకం చవక, కలపడం తేలిక, ముందువైపే వాల్యూమ్ ఉంటుంది. మెయిన్ పెట్టె పాడైతే రెండూ మూగబోతాయి. చిన్న బల్లకు, తక్కువ బడ్జెట్‌కు ఇది తప్పేమీ కాదు. ఇలాంటి జతను మొదటి రకంతో పోల్చేటప్పుడు వాల్యూమ్ సరిచూడటంలో ఒక చిక్కు వస్తుంది, కిందకి వచ్చినప్పుడు చెబుతాం.

ఎవరైనా స్పిన్ కొలతలు ప్రచురించిన మోడలైతే వాటినే చూడండి. సీటీఏ-2034 ప్రమాణం ప్రకారం పెట్టెను పది పది డిగ్రీలు తిప్పుతూ అడ్డంగా, నిలువుగా 70 చోట్ల కొలుస్తారు. ఎదురుగా ఉన్న గీత చదునుగా ఉందా, పక్కలకు వెళ్లేకొద్దీ గీతలు ఎగుడుదిగుడు లేకుండా మెల్లగా దిగుతున్నాయా అన్నవి రెండే చూడండి. శబ్ద పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ ముందు కెనడా జాతీయ పరిశోధన మండలిలో, తర్వాత హర్మన్ ఆడియో కంపెనీలో ఏళ్ల తరబడి చేసిన పరీక్షల్లో, పెట్టె కనపడకుండా విన్నవాళ్లు ఎక్కువగా ఎంచుకున్నవి ఇలాంటి స్పీకర్లే.

గదిని సిద్ధం చేయడం

ఈ భాగం విసుగనిపించినా వదలకండి. పోలికలు తప్పేది ఎక్కువగా ఇక్కడే.

మన పడకగది చాలామందికి పది అడుగులు బై పన్నెండు, స్లాబు ఎత్తు పది. శబ్దం గదిలో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఉబ్బుతుందో లెక్క కట్టడానికి 343 ను, మీటర్లలో గది కొలతకు రెట్టింపుతో భాగించాలి. పది అడుగులకు వచ్చేది 56 హెర్ట్జ్. పన్నెండుకు 47. వెడల్పూ ఎత్తూ రెండూ పదే అయినప్పుడు 56 దగ్గర రెండు ఉబ్బులు ఒకదానిమీద ఒకటి పడతాయి. బాస్ గిటారులో ఒక స్వరం ‘బూమ్’ అని గది నిండా పరుచుకుని, పక్క స్వరం మామూలుగా ఉంటే దోషం స్పీకరుది కాదు, ఈ పది అడుగులది.

అమెరికా సమీక్షకుల వీడియోలు చూసి కొనేవాళ్లు మరో సంగతి గుర్తుపెట్టుకోవాలి. అక్కడి ఇళ్ల గోడలు చాలావరకు చెక్క చట్రం మీద జిప్సం బోర్డులు. కింది శబ్దాలకు అవి కొద్దిగా ఊగి, కొంత బాస్‌ను మింగేస్తాయి. మన తొమ్మిదంగుళాల ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు చుక్క కూడా మింగవు. అక్కడ ‘బాస్ సరిపోలేదు’ అనిపించుకున్న మానిటరు మన గదిలో సరిగ్గా సరిపోవచ్చు. అక్కడ ‘నిండుగా ఉంది’ అనిపించుకున్నది ఇక్కడ మూలుగుతుంది. పది బై పది గదిలో ఎనిమిదంగుళాల మానిటరు పెట్టొద్దని తెలిసినవాళ్లు చెప్పేది ఇందుకే.

చేయాల్సినవి:

1. పన్నెండు అడుగుల పొడుగు గదిలో పొట్టి గోడ ముందు బల్ల వేయండి. మీ తల ఆ గోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర ఉండేలా కుర్చీ సర్దండి. సరిగ్గా గది మధ్యలో కూర్చోకండి, 47 హెర్ట్జ్ అక్కడ దాదాపు మాయమవుతుంది. వెనక గోడకు ఆనుకుని కూర్చుంటే అదే రెట్టింపవుతుంది.

2. రెండు పెట్టెలకూ మీ తలకూ మధ్య మూడు వైపులా సమానమైన త్రిభుజం రావాలి. టేపుతో కొలవండి. పెట్టెల మధ్య నాలుగు అడుగులుంటే ఒక్కోదాని నుంచి చెవికి కూడా నాలుగే. కంటి లెక్కతో అర అడుగు తేడా వచ్చినా గొంతు మధ్యలోంచి పక్కకు జరుగుతుంది.

3. ట్వీటరు చెవి ఎత్తులో ఉండాలి. మామూలు కుర్చీలో కూర్చుంటే చెవి నేల నుంచి 110 నుంచి 120 సెంటీమీటర్లు. బల్ల ఎత్తు 75 కాబట్టి పెట్టెను బల్లమీద నేరుగా పెడితే ట్వీటరు మీ గడ్డానికో ఛాతీకో గురిపెట్టి ఉంటుంది. పదిహేను, ఇరవై సెంటీమీటర్లు ఎత్తండి. వంటింటి ప్లాట్‌ఫాం వేయగా మిగిలిన గ్రానైట్ ముక్క, దాని కింద పాత యోగా మ్యాట్ ముక్కలు వేస్తే కొన్న స్టాండుకు ఏమాత్రం తీసిపోదు. పెట్టె కంపనం బల్లకు దిగకుండా ఆగుతుంది కూడా.

4. ఒక చిన్న అద్దాన్ని బల్లమీద జరుపుతూ చూడండి. కూర్చున్న చోటు నుంచి అద్దంలో ట్వీటరు కనపడిన చోట బల్ల శబ్దాన్ని మీ మీదకు తిప్పికొడుతోంది. అక్కడ మందపాటి తువ్వాలు పరవండి. పక్క గోడమీద కూడా ఇదే పని చేయించి, అద్దంలో పెట్టె కనపడిన చోట మందమైన కర్టెనో బొంతో వేలాడదీయండి.

5. చప్పట్లు కొట్టండి. ‘టుర్ర్’మని రేకు డబ్బా మోగినట్టు తోక వినిపిస్తే ఎదురెదురు గోడలు ఖాళీగా ఉన్నాయన్నమాట. టైల్స్ నేల మీద ఒక పాత పరుపు, గోడవారగా పుస్తకాల అలమర వస్తే చాలావరకు తగ్గుతుంది. గుడ్ల అట్టలు అంటించడం దండగ. బాస్‌ను అవి తాకను కూడా తాకవు.

పెట్టెల వెనకున్న గోడ దూరం గురించి ఒక లెక్క. పెట్టె ముందు ముఖం నుంచి వెనకున్న గోడ దాకా ఎన్ని మీటర్లో కొలిచి, 86 ను దాంతో భాగించండి. ఆ ఫ్రీక్వెన్సీలో గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం ఎదురుపడి పెట్టె శబ్దాన్ని కొట్టేస్తుంది. ముప్పై రెండు సెంటీమీటర్లయితే 268 హెర్ట్జ్ దగ్గర, అరవై సెంటీమీటర్లయితే 143 దగ్గర గుంట. 143 అంటే మగ గొంతులో నిండుదనం ఉండే చోటే. ‘ఈ మానిటరులో గొంతు పల్చగా ఉంది’ అని తిట్టుకునే ముందు పెట్టెను గోడ దగ్గరికి జరిపి చూడండి. దగ్గరికి జరిపితే గుంట పైకి పోయి బలం తగ్గుతుంది, బదులుగా బాస్ మొత్తం పెరుగుతుంది. పెరిగినదాన్ని వెనకున్న స్విచ్‌తో తగ్గించుకోవచ్చు. హెచ్‌ఎస్5 లో రూమ్ కంట్రోల్ 2, 4 డెసిబెల్స్ తగ్గిస్తుంది, జేబీఎల్ 305 లో బౌండరీ స్విచ్ 1.5, 3 తగ్గిస్తుంది. బాస్ కోసం పెట్టెకు పెట్టే గాలి రంధ్రం (పోర్టు) వెనకవైపు ఉన్నవాటికి గోడకూ పెట్టెకూ మధ్య కనీసం నాలుగు వేళ్ల సందు వదలండి. కాలీ ఎల్‌పీ-6, కేఆర్‌కే రోకిట్ లాంటివాటికి రంధ్రం ముందే ఉంటుంది కాబట్టి ఇరుకు బల్లకు కొంచెం సుఖం. గోడ వల్ల బాస్ పెరగడం మాత్రం వాటికీ తప్పదు.

తీగలు

స్టూడియో మానిటరుకు ఫోన్ కలపడంలోనే చాలామంది బోల్తా పడతారు. ఫోన్‌లోని హెడ్‌ఫోన్ జాక్ స్టీరియో. మానిటరు వెనకున్న పెద్ద జాక్ బ్యాలెన్స్‌డ్ మోనో, అంటే ఒకే శబ్దం రెండు అంచెల్లో, ఒకదానిలో తిరగబడి వస్తుంది. రెండింటికీ మూడేసి అంచెల పిన్నే పడుతుంది కాబట్టి రెండు చివరలా స్టీరియో పిన్నున్న తీగ సరదాగా దూరిపోతుంది. పాట వస్తుంది, గాయకుడు మాయమవుతాడు. ఎందుకంటే మానిటరు ఒక అంచెలోంచి రెండో అంచెను తీసివేస్తుంది. ఎడమలోంచి కుడి తీసేస్తే రెండింటిలో సమానంగా ఉన్న గొంతు సున్నా అవుతుంది, పక్కన ఉన్న వయొలిన్లు, ప్రతిధ్వని మిగులుతాయి. స్పీకరు చెడిపోయిందని షాపుకు మోసుకెళ్లకండి. తీగ మార్చండి.

కొనాల్సింది ఒకవైపు 3.5 ఎంఎం స్టీరియో పిన్ను, రెండోవైపు రెండు 6.35 ఎంఎం మోనో పిన్నులున్న తీగ. షాపుల్లో చిన్నదాన్ని ఈపీ అనీ, పెద్దదాన్ని పీ38 అనీ అడిగితే తొందరగా తీసిస్తారు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటివి కావాల్సిన పొడవుకు దొరుకుతాయి. ఆడమ్ టీ5వీ కి పెద్ద జాక్ ఉండదు, ఎక్స్‌ఎల్‌ఆర్, ఆర్‌సీఏ అనే వేరే రకం జాక్‌లు మాత్రమే. దానికి ఈపీ నుంచి రెండు ఆర్‌సీఏ తీగ కావాలి. కొనే ముందు వెనక ప్యానెల్ ఫోటో ఒకసారి చూసుకోండి.

మొదటి రకం మానిటర్ల వాల్యూమ్ వెనక ఉంటుంది, అదీ ఒక్కోదానికి విడివిడిగా. రోజూ చేతులు చాచి తిప్పలేరు. కంప్యూటరుకూ మానిటర్లకూ మధ్య పెట్టే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న డబ్బా తీసుకుంటే ముందువైపు ఒకే గుండీ దొరుకుతుంది, బ్యాలెన్స్‌డ్ తీగలు వాడుకోవచ్చు, గుర్రు తగ్గుతుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, బెహ్రింగర్ యూఎంసీ202హెచ్‌డీ ఇలాంటివే. మానిటర్ల బడ్జెట్ లెక్కేసేటప్పుడే ఇంటర్‌ఫేసూ, తీగలూ, స్టాండ్లూ కలిపి లెక్కేయండి. మొత్తం మానిటర్ల మీదే పెట్టేసి, చివర్లో ఫుట్‌పాత్ తీగ కొనడం మామూలుగా జరిగే పొరపాటు.

టీవీకి కలుపుకోవాలంటే ఆప్టికల్ నుంచి ఆర్‌సీఏ మార్చే చిన్న డబ్బా పెట్టి, టీవీ సెట్టింగుల్లో డిజిటల్ సౌండ్‌ను పీసీఎం చేయండి. డాల్బీలో వదిలేస్తే ఏమీ రాదు, లేదా గరగర వస్తుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్యో మేనత్త కొడుకో సూట్‌కేసులో తెస్తానంటే ముందు వెనక ప్యానెల్ మీద ఓల్టేజీ చదివి చెప్పమనండి. 100-240 అని ఉంటే నేరుగా పెట్టుకోవచ్చు. ఎర్ర స్విచ్ ఉంటే కరెంటు పెట్టకముందే 230 కి జరపాలి. ఒట్టి 120 అని ఉంటే మన ప్లగ్గులో ఒక్క క్షణమే పని చేస్తుంది.

ఒకదానికొకటి పోల్చడం

సోమవారం ఒక షాపులో ఒకటి, శనివారం ఇంకో షాపులో ఇంకోటి విని పోల్చుకోవడం జరగని పని. చెవి జ్ఞాపకం కొద్ది సెకన్లే. రెండూ ఒకే గదిలో, ఒకే నిమిషంలో మారాలి. దీనికి ఖరీదైన స్విచ్ బాక్సు అవసరం లేదు.

మొదటి మోడల్‌లో ఒక్క పెట్టెను ఎడమ అవుట్‌పుట్‌కు, రెండో మోడల్‌లో ఒక్క పెట్టెను కుడి అవుట్‌పుట్‌కు కలపండి. రెంటినీ ఆనించినట్టు పక్కపక్కన, రెండు ట్వీటర్లూ ఒకే ఎత్తులో ఉండేలా మీ ఎదురుగా పెట్టండి. ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లోకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేయండి. అక్కడే బ్యాలెన్స్ జరిపే పట్టీ ఉంటుంది. ఎడమ చివరికి లాగితే మొదటి మోడల్, కుడి చివరికి లాగితే రెండోది. ఒక్క పెట్టెతో మోనోలో వినడం చిన్నతనం అనుకోవద్దు. లోపాలు స్టీరియోలో కన్నా మోనోలోనే తొందరగా బయటపడతాయని టూల్ పరీక్షల్లో తేలింది. స్టీరియో అందం చాలా తప్పుల్ని కప్పేస్తుంది.

ఎరిస్ లాంటి జతలో మెయిన్ పెట్టెను వాడండి. అది ఎడమదో కుడిదో మాన్యువల్‌లో చూసి, ఆ వైపు ఇన్‌పుట్‌కే తీగ పెట్టండి. దాని ముందు గుండీ వాల్యూమ్‌ను సరిచూశాక టేపు అంటించి కదలకుండా చేయండి. పొరపాటున చెయ్యి తగిలి ఒక గీత జరిగితే అప్పటిదాకా విన్నదంతా వృథా.

వాల్యూమ్ సరిచూడటమే అన్నిటికన్నా ముఖ్యం. ఒక డెసిబెల్ తేడాను చెవి ‘ఇది గట్టిగా ఉంది’ అని గుర్తించదు, ‘ఇది స్పష్టంగా ఉంది, బాగుంది’ అని గుర్తిస్తుంది. షాపులో అమ్మదలచుకున్న జతను కాస్త పెంచి వినిపిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. సరిచూసే పద్ధతి:

వెనకున్న స్విచ్‌లన్నీ సున్నా దగ్గర పెట్టండి. పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన, జలపాతం లాంటి పరీక్ష శబ్దం) ప్లే చేయండి. 500 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య మాత్రమే ఉండే పింక్ నాయిస్ దొరికితే ఇంకా మంచిది. మామూలు నాయిస్ అయితే ఎక్కువ బాస్ ఉన్న పెట్టె మీటరులో ఎక్కువ చూపించి, అసలు గొంతుల దగ్గర తక్కువైపోతుంది. రెండో ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి, తల ఉండే చోట, పుస్తకాల దొంతర మీద కదలకుండా ఉంచండి. చేత్తో పట్టుకోకండి. యాప్ సెట్టింగుల్లో ‘సీ వెయిటింగ్’, ‘స్లో’ ఎంచుకోండి. ఒక్కో పెట్టెను ముప్పై సెకన్లు వినిపించి సగటు రాసుకోండి. ఎక్కువున్నదాని వెనక గుండీ తగ్గించి అర డెసిబెల్ లోపుకి తీసుకురండి. ఫోన్ మైకు చెప్పే అంకె నిజమా కాదా అన్నది ఇక్కడ అనవసరం. రెంటికీ ఒకే తప్పు చెబుతుంది కాబట్టి తేడా మాత్రం సరిగ్గానే వస్తుంది. 70, 75 మధ్య ఉంటే ఇంట్లో వినే స్థాయి. మీరు రాత్రిపూట అరవైలోనే వింటారా, అయితే అరవైలోనే పోల్చండి. శబ్దం తగ్గేకొద్దీ చెవికి బాస్ ఇంకా ఎక్కువగా తగ్గినట్టు అనిపిస్తుంది. గట్టిగా పెట్టినప్పుడు నిండుగా ఉన్న పెట్టె మెల్లగా పెట్టినప్పుడు బక్కచిక్కవచ్చు.

ఇప్పుడు కళ్లు మూసుకుని కూర్చోండి. ఇంట్లోవాళ్లలో ఒకరిని బ్యాలెన్స్ పట్టీ జరపమనండి, ఏ వైపో చెప్పొద్దనండి. వాళ్లు ‘ఒకటి’, ‘రెండు’ అంటూ మారుస్తారు, ప్రతి పాటకూ ఏది ఒకటో మారుస్తుంటారు. మీరు నచ్చినది కాగితం మీద గీయండి. పది పాటలు. తొమ్మిదిసార్లు ఒకే పెట్టెకు ఓటు పడితే అది మీ చెవికి నిజంగా నచ్చినట్టు. ఐదో ఆరో పడితే తక్కువ ధరది తెచ్చుకోండి, మిగిలిన డబ్బుతో స్టాండ్లు వస్తాయి.

పది అయ్యాక పెట్టెల చోట్లు మార్చి, ఇంకో ఐదు వినండి. మీ ఓటు పెట్టెతో పాటు జరిగితే సరే. చోటుతో పాటు ఉండిపోతే మీరు విన్నది గదిని.

ఏం వినాలి

యూట్యూబ్‌లో ఎవరో కాసెట్ నుంచి ఎక్కించిన పాటతో పోల్చకండి. 256 కేబీపీఎస్ గానీ, లాస్‌లెస్ గానీ ఉన్నవి తీసుకోండి. మీకు పదేళ్లుగా కంఠతా వచ్చిన పాటలు మంచివి.

మొదటిది గొంతు, అదీ వట్టి మాట. తెలుగు వార్తలు చదివే ఆడగొంతు ఒకటి, మగగొంతు ఒకటి. స, శ, ష మూడూ మూడుగా వినపడాలి. మూడూ కలిసి ‘స్స్’ అని ఈల వేస్తే ట్వీటరు ఆరేడు కిలోహెర్ట్జ్ దగ్గర ఉబ్బి ఉంది. మగగొంతు డబ్బాలోంచి మాట్లాడినట్టుంటే పెట్టె గోడల కంపనమో, గది గుంటో కారణం. పెట్టెను కాస్త ముందుకు జరిపినా అలాగే ఉంటే పెట్టెదే.

రెండోది మృదంగం. ఎడమవైపు గుంకీ జారుతున్నప్పుడు ఆ జారుడు మొత్తం వినపడాలి, ‘బుమ్’ అనే ఒకే దెబ్బగా మారకూడదు. కుడివైపు చాపు దెబ్బలో చర్మం, మధ్యన కరణి (నల్లటి పూత) మోత వేరువేరుగా తెలియాలి. డప్పు కూడా మంచి పరీక్షే, దెబ్బ చటుక్కున ఆగాలి. వెనక తోక మిగిలితే రంధ్రం మూలుగుతోందనుకోండి.

మూడోది నాదస్వరం. రెండు నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ దగ్గర ఏమాత్రం ఎత్తున్న మానిటరునైనా ఇది పట్టిస్తుంది. మొదటి నిమిషం ‘అబ్బ, ఎంత స్పష్టం’ అనిపిస్తుంది, ఇరవయ్యో నిమిషానికి వాల్యూమ్ తగ్గిస్తారు. పరీక్షలో ఒక్కో పెట్టెతో కనీసం ఇరవై నిమిషాలు ఏకబిగిన వినమనేది ఇందుకే. షాపులో రెండు నిమిషాల్లో గెలిచేది ఇలాంటి పెట్టే.

తంబురా శ్రుతి నాలుగోది. పై స్వరాలు దారపు పోగుల్లా విడిగా మెరుస్తున్నాయా, ముద్దగా ఉన్నాయా?

మోనోలో ఎంపికైపోయాక జతను త్రిభుజంలో పెట్టి, మోనో ఆడియో ఆఫ్ చేసి, ఘంటసాల కాలపు పాత మోనో రికార్డింగు ఒకటి వేయండి. రెండు పెట్టెల్లోంచీ ఒకే శబ్దం వస్తుంది కాబట్టి గొంతు సరిగ్గా మధ్యలో, అరచేతి వెడల్పులో నిలబడాలి. ఒకవైపు జరిగితే వెనక గుండీలు సరిచూడండి. మధ్యలో నిలవకుండా గదంతా పరుచుకుని, బాస్ కూడా పోతే ఒక తీగలో పిన్నులు తిరగబడి ఉన్నాయి. పై స్వరాలు ఎడమకు, కింది స్వరాలు కుడికి తిరుగుతూ ఉంటే ఆ జతలో రెండు పెట్టెలు ఒకేలా లేవు. మార్పించండి.

కుర్చీలోంచి లేచి నిలబడి కూడా వినండి. రంగు కొంత మారడం సహజం. బాగా మారితే ఊఫరూ ట్వీటరూ కలిసే చోట అతుకు బాగాలేదు. మానిటర్లను అడ్డంగా పడుకోబెడితే ఇదే మార్పు కుర్చీలో కాస్త పక్కకు వంగినా వస్తుంది. నిలువుగా వాడమని కంపెనీ చెప్పినవాటిని నిలువుగానే ఉంచండి. పాత ఫోటోల్లో యమహా ఎన్‌ఎస్-10 లు మిక్సింగ్ బల్ల మీద పడుకుని కనిపిస్తాయి, వాటి సంగతి వేరు. నిజానికి 1978లో అవి వచ్చింది ఇళ్లలో వినేవాళ్ల కోసమే. ఇళ్లలో నిలవలేదు, స్టూడియోల్లో నిలిచాయి. ఇప్పుడు హెచ్‌ఎస్ వరసలో తెల్ల కోను ఆ జ్ఞాపకమే, దారి మాత్రం తిరగబడి స్టూడియో నుంచి ఇంటికి వస్తోంది.

గుర్రు, బుస్సు, తలనొప్పులు

పాట ఆపి, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ట్వీటరుకు అడుగు దూరంలో చెవి పెట్టండి. ‘స్స్’ అని బుస వినపడటం మామూలే. మీరు కూర్చునే చోట, ఫ్యాన్ ఆపాక కూడా వినపడితే అది రాత్రిపూట మిమ్మల్ని బాధిస్తుంది. చవక మానిటర్లలో వెనక గుండీ తగ్గించినా ఈ బుస తగ్గదు, అందుకే కొనేముందే వినాలి. గుండీ తగ్గిస్తే తగ్గే బుస మాత్రం మీ ఫోన్‌దో ఇంటర్‌ఫేస్‌దో. ఫోన్‌లోనో ఇంటర్‌ఫేస్‌లోనో వాల్యూమ్ పెంచి, మానిటరు వెనక గుండీ తగ్గించండి.

గుర్రుమనే హమ్ వేరు. లాప్‌టాప్ ఛార్జరు పీకగానే పోతే అది ఎర్త్ చుట్టు తిరగడం వల్ల వచ్చింది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి తెచ్చి, బ్యాలెన్స్‌డ్ తీగలు వాడండి. అప్పటికీ పోకపోతే మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవాలి. కొందరు ఎలక్ట్రీషియన్లు మూడో పిన్ను తీసేస్తే పోతుందంటారు. పోతుంది, రక్షణ కూడా దాంతో పోతుంది. ఆ పని చేయకండి. కరెంటు పోయి ఇన్వర్టరు మీదకు మారినప్పుడు మాత్రమే ‘జ్జ్’ మంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు, మానిటరుది తప్పు కాదు.

రాత్రి మెల్లగా వింటుండగా ఒక పెట్టె దానంతటదే ఆగిపోతే ఆటో స్టాండ్‌బై. సిగ్నల్ చాలదనుకుని నిద్రపోతోంది. కొన్నింటిలో దాన్ని ఆపే స్విచ్ వెనకే ఉంటుంది. లేకపోతే వెనక గుండీ తగ్గించి, ముందు ఇంటర్‌ఫేస్ పెంచితే లోపలికి వెళ్లే సిగ్నల్ పెరిగి మేలుకునే ఉంటుంది.

ఒక్కో స్వరానికి గరగర వస్తుంటే 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ చాలా తక్కువ వాల్యూమ్‌లో వేయండి. మోగేది చాలాసార్లు కిటికీ అద్దమో, అలమర తలుపో, పెన్నుల డబ్బానో అవుతుంది. ఒక్కొక్కదాని మీద చెయ్యి పెట్టి చూడండి. ఈ టోన్ గట్టిగా పెడితే ఐదంగుళాల కోను తన హద్దు దాటి కొట్టుకుంటుంది, ఆశపడకండి.

సెకండ్‌హ్యాండ్ కొంటున్నట్టయితే కోను చుట్టూ ఉన్న అంచును వేలితో మెల్లగా తాకండి. రబ్బరయితే ఏళ్లు ఉంటుంది. ఫోము అయితే తేమకు పిండిలా రాలిపోతుంది, సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకా తొందరగా. వెనక రంధ్రంలోకి టార్చి వేసి చూడటం కూడా మరవకండి. బొద్దింకలకు వెచ్చగా, చీకటిగా ఉండే ఆ పెట్టె చాలా ఇష్టం.

ఆన్ చేసేటప్పుడు ముందు ఫోన్, ఇంటర్‌ఫేస్, చివర్లో మానిటర్లు. ఆపేటప్పుడు మానిటర్లు ముందు. తిరగబడితే వచ్చే ‘ధబ్’ శబ్దం ఊఫరు ఎన్నోసార్లు ఓర్చుకుంటుంది, ఏదో ఒకనాడు ట్వీటరు ఓర్చుకోదు. అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ వారంటీ ముగిసేదాకా అటక మీద ఉంచండి. ఒక పెట్టె రిపేరుకు పంపాల్సి వస్తే పాత దుప్పట్లో చుట్టి పంపినది సగం దారిలోనే ఇంకో రిపేరు తెచ్చుకుంటుంది.